పిల్లల కడుపులో బద్దెపురుగు: ఉందో లేదో ఎలా తేలుతుంది?

ఈ రోజు కొంచెం "ఛీ" అనిపించే టాపిక్. చిన్న పిల్లల కడుపులో బద్దెపురుగు, అదే టేప్‌వార్మ్, ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నేను ల్యాబ్‌లో మోషన్ శాంపిల్స్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తుంటాను. మీలో చాలామంది ఇళ్లల్లో చిన్న తమ్ముడో, అక్క కూతురో, సొంత పాపో ఉంటారు కదా, అందుకే మీకు చెప్తున్నా.

మన ఇళ్లల్లో పిల్లాడు నిద్రలో పళ్లు కొరికినా, బుగ్గల మీద తెల్లమచ్చలు వచ్చినా, "కడుపులో పురుగులున్నాయ్" అనేస్తారు. కానీ అవి రుజువు కాదు. ఇంకోపక్క, నిజంగా బద్దెపురుగు ఉన్న పిల్లల్లో చాలామందికి ఏ ఇబ్బందీ కనిపించదు. కొందరికి కడుపునొప్పి, ఆకలి తగ్గడం, లూజ్ మోషన్స్ ఉండొచ్చు. అవి ఇంకా చాలా కారణాల వల్ల కూడా వస్తాయి. అంటే పైకి చూసి తేల్చలేం.

"అంగన్‌వాడీలో మాత్ర వేశారుగా, ఇంకేం భయం?" అని అడుగుతారు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చేది ఆల్బెండజోల్. అది ముఖ్యంగా ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడాపురుగుల కోసం. తప్పకుండా వేయించండి. కానీ బద్దెపురుగుకి డాక్టర్లు మామూలుగా రాసేది ప్రాజిక్వాంటెల్ అనే వేరే మందు. పిల్లాడి బరువునీ, బద్దెపురుగు రకాన్నీ బట్టి డోసు మారుతుంది. అందుకే ముందు ఏ పురుగో తెలియాలి.

డయాపర్‌లో తెల్లగా ఏదైనా కనిపించిందా? దాని ఆకారం చూడండి. సన్నని తెల్లదారం ముక్కలా ఒక సెంటీమీటరు ఉండి, రాత్రిళ్లు మలద్వారం దగ్గర దురద పెడుతుంటే అది నులిపురుగు కావచ్చు. వానపాములా గుండ్రంగా, పొడవుగా ఉంటే ఏలికపాము. చదునుగా బియ్యపు గింజలానో, దోసగింజలానో ఉండి, ఒక్కోసారి కదులుతుంటే, అది బద్దెపురుగు నుంచి ఊడిన ముక్క కావచ్చు. దోసగింజలా ఉండే రకం కుక్కలు, పిల్లుల దగ్గర నుంచి వస్తుంది. వాటి ఒంటి మీద ఉండే ఫ్లీ అనే దుమికే చిన్న పురుగుని నేల మీద పాకే పిల్లలు పొరపాటున మింగితే అంటుకుంటుంది. దాని గుడ్లు మోషన్ టెస్టులో అరుదుగా కనిపిస్తాయి, ముక్క దొరికితేనే సంగతి తెలుస్తుంది.

కాబట్టి దాన్ని పారేయకండి. పక్కన స్కేలు పెట్టి ఫోన్‌తో ఫొటో తీయండి. గ్లవ్స్ వేసుకుని ఆ ముక్కని మూత ఉన్న డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి. వాట్సాప్ గ్రూపులో అడగడం కాదు, డాక్టర్‌కి చూపించండి. ఎందుకంటే పశుమాంసం నుంచి వచ్చే బద్దెపురుగు, పందిమాంసం నుంచి వచ్చేది, రెండిటి గుడ్లూ మైక్రోస్కోప్‌లో మాకు ఒకేలా కనిపిస్తాయి. ముక్క ఉంటే దానిలోని గర్భసంచి కొమ్మలు లెక్కపెట్టి తేడా చెప్పగలం.

ఈ తేడా ఎందుకంత ముఖ్యం? పందిమాంసం రకం ఉన్న మనిషి మలంలోని గుడ్లు, చేతుల ద్వారా వేరేవాళ్ల నోట్లోకి వెళ్తే, వాటి పిల్లలు మెదడు దాకా చేరి ఫిట్స్ తెప్పించగలవు. మాంసం ముట్టని వాళ్లకీ ఇది రావచ్చు. అందుకే ఇంట్లో ఒకరికి ఈ రకం ఉందని తేలితే మిగతావాళ్లూ చూపించుకోవాలి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన పిల్లలకి సొంతంగా పురుగుల మందు వేయొద్దు. మెదడులో ఆ తిత్తులు ఉంటే, మందుకి అవి చచ్చేటప్పుడు వాపు వచ్చి ప్రమాదం పెరగొచ్చు.

మరి ఏమీ కనిపించకపోతే? పిల్లల్లో ఎక్కువగా వచ్చేది పొట్టి బద్దెపురుగు. నాలుగు సెంటీమీటర్లు కూడా దాటదు. దాని ముక్కలు లోపలే విడిపోతాయి కాబట్టి మన కంటికి కనపడవు. మాంసంతో పనిలేకుండా మురికి చేతుల నుంచే వస్తుంది. దీన్ని పట్టేది మోషన్ టెస్టే.

శాంపిల్ ఇలా ఇవ్వండి. పొడి డబ్బాలో చిన్న ఉసిరికాయంత చాలు. యూరిన్, నీళ్లు కలవకూడదు. తీసిన గంట, రెండు గంటల్లో ల్యాబ్‌కి చేర్చండి. యాంటీబయాటిక్స్ వాడుతుంటే ముందే చెప్పండి. గుడ్లు రోజూ పడవు, అందుకే వేర్వేరు రోజుల్లో మూడు శాంపిల్స్ అడుగుతాం. ఒక్క నెగెటివ్ రిపోర్ట్ అంటే "ఆ రోజు గుడ్లు కనపడలేదు" అని మాత్రమే. "పురుగు లేదు" అని కాదు.

మందు అయ్యాక డాక్టర్ చెప్పిన టైమ్‌కి మళ్లీ టెస్ట్ చేయించండి, పురుగు పూర్తిగా పోయిందో లేదో అప్పుడే తెలుస్తుంది. చిన్నపిల్లలున్న ఫ్రెండ్స్‌కి ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం.