లోతునీటి మాయయెర

మిడుత రూపముచేతను, చేప రుచిచేతను నశించునని మన పెద్దలు చెప్పుదురు. బడిలో నేనును పిల్లలకు అట్లే చెప్పితిని. అయితే అమెరికా దేశమున బాసు అను చేపను పట్టు విధమును తెలిసికొన్న పిమ్మట ఆ మాటకు కొంత చేర్పు అవసరమని తోచినది. అచటి కృత్రిమపు టెర రుచికంటె ముందుగా చలనముచేతనే చేపను మోసగించును.

బాసు అచటి చెరువులలోను జలాశయములలోను నివసించు మాంసాహారి. వేసవిలో పైనీరు వేడెక్కగా తరచుగా 15 మొదలు 25 అడుగుల లోతునకు దిగును. అచట వెలుతురు తక్కువ. కాని చేపకు ఇరుప్రక్కల తలనుండి తోకవరకు ఒక రేఖ గలదు. నీటి కదలికను దానిచే గ్రహించును. కావున ఎర ప్రాణమున్నట్లు కదలవలెను.

1949లో ఒహాయో రాష్ట్రమందలి యాక్రను పట్టణమున నిక్ క్రీమ్ అనునతడు మెత్తని ప్లాస్టికుతో వానపామును పోసెను. అది తేలిక. లోతునకు దింపుటకు గుండు కావలెను. గుండు ఎరకే అంటియున్నచో దాని చలనము చెడును. ఈ చిక్కును తీర్చునది కెరొలీనా కూర్పు.

మొదట సుమారు 2 తులముల తూటుగుండును పెద్ద దారమునకు జారునట్లుగా ఎక్కింపవలెను. పిదప ఒక పూస, ఆపై గిరగిర తిరుగు లోహపు కొలికి. కొలికి గుండును ఆపును. పూస ముడిని గుండుదెబ్బనుండి కాచును. కొలికి కావల మూర మొదలు రెండు మూరల సన్నదారము కట్టి, దాని కొసను గాలపుముల్లు ముడివేయుదురు. ముల్లును ఎర తలలో గ్రుచ్చి, వెలికిదీసి, త్రిప్పి, మొనను మరల దేహములో దాచుదురు. అందుచే నాచు అంతగా తగులుకొనదు. మెల్లగా లాగినపుడు గుండు అడుగున ప్రాకును. ఎర దాని వెనుక స్వేచ్ఛగా ఆడును. చేప నోట బట్టినపుడు దారము గుండులో జారుటచే బరువు వెంటనే తెలియదు.

అచట పెక్కురు పట్టిన చేపను మరల నీట విడుతురు. ఇది దయయే. కాని లోతునుండి వడిగా పైకి లాగినపుడు నీటి ఒత్తిడి తగ్గి, చేపలోని గాలితిత్తి ఉబ్బును. విడిచినను అది క్రిందికి దిగలేక వెల్లకిల తేలి, మరణించుటయు కలదు. కాబట్టి లోతునీట ఆహారమునకు వలసినన్ని చిక్కగనే గాలము చుట్టివేయవలెను. వినోదమునకు పట్టి విడువగోరువారు లోతు తక్కువగల నీటికే పోవలెను.