ఆపరేటరమ్మ ఉద్యోగం ఎటు పోయింది?

"మిషన్లొచ్చి ఉద్యోగాలన్నీ పోతాయట కదా తాతయ్యా?" అని మా చిన్న మనవరాలు అడిగింది. వాళ్ళన్నయ్యది ఇంజనీరింగు మూడో ఏడు. వాడి దిగులు దీనికీ అంటుకుంది. పోతాయో ఉంటాయో ఒక్క ముక్కలో తేల్చేంత పెద్దవాణ్ణి కాను గానీ, అలా పోయిన ఉద్యోగం ఒకటి కళ్ళారా చూశాను. ఆ కథ చెప్తాను, జవాబు మీరే ఏరుకోండి.

మా చిన్నప్పుడు ఫోను ఎత్తితే అవతల ఎక్స్ఛేంజిలో ఒకావిడ "నంబర్ ప్లీజ్" అనేది. ఆవిడ ముందు పెద్ద బోర్డు, బోర్డు నిండా బెజ్జాలు, ఒక్కో ఫోనుకి ఒక్కో బెజ్జం. మనం నంబరు చెప్తే ఒక తీగ తీసి అవతలివాళ్ళ బెజ్జంలో గుచ్చేది. అంతే, రెండిళ్ళూ కలిసేవి. పై ఊరికి మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసుకోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని రకాలుండేవి. పొద్దున ఆర్డినరీ బుక్ చేస్తే భోజనాల వేళకి కలిసినా అదృష్టమే. పి.పి. కాల్ అని ఇంకోటి, ఫలానా మనిషి దొరికితేనే కలపమని చెప్పేది. మా ఆపరేటరమ్మకి ఊరి సంగతులన్నీ తెలుసు. డాక్టరుగారింటికి కలపమంటే, "ఆయన ఇంట్లో లేరండీ, కరణంగారింటికి వెళ్ళారు, అక్కడికి కలపనా?" అనేది. ఆ సాయం ఆవిడ డ్యూటీ కాగితాల్లో ఎక్కడా రాసి ఉండదు.

అయితే ఆపరేటరుకి అన్నీ తెలియడం అందరికీ నచ్చుతుందా? అమెరికాలో కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన వ్యాపారం అంత్యక్రియలు జరిపించడం. అక్కడ పెట్టె దగ్గర్నుంచి పూడ్చేదాకా అన్నీ చూసే వ్యాపారులుంటారులెండి. ఇదే వ్యాపారం చేసే ఇంకొకాయన భార్య టెలిఫోను ఆపరేటరు. ఎవరింట్లో ఎవరు పోయినా, స్ట్రోజర్‌కి రావలసిన ఫోను ఆవిడ తన మొగుడికి కలిపేస్తోందని ఈయన అనుమానం. నిజమెంతో పైవాడికే తెలియాలి, కథ మాత్రం ఇలాగే చెప్పుకుంటారు. ఇంకొకరైతే నాలుగు తిట్టి ఊరుకునేవాళ్ళు. ఈయన మధ్యలో అసలు మనిషే లేకుండా ఫోన్లు కలిపే యంత్రం ఆలోచించాడు. 1889లో పేటెంటుకి దరఖాస్తు పెడితే 1891లో చేతికొచ్చింది. మరుసటేడు ఇండియానా రాష్ట్రంలో లా పోర్ట్ అనే ఊళ్ళో ఆ పద్ధతి ఎక్స్ఛేంజి తెరిచారు.

అది పనిచేసే తీరు భలే ముచ్చటగా ఉంటుంది, వినండి. అమ్మమ్మ ఊరగాయల బీరువాలో పది అరలు, అరకి పది జాడీలు ఉన్నాయనుకోండి. "మూడో అరలో ఏడో జాడీ తే" అంటే ఏం చేస్తారు? ముందు చెయ్యి మూడో అరదాకా ఎత్తుతారు, తర్వాత పక్కకి ఏడు జాడీలు లెక్కపెడతారు. స్ట్రోజర్ స్విచ్చి చేసేదీ అదే. నిలువుగా ఒక కడ్డీ, దానికి వేలిలాంటి లోహపు ముక్క. మీరు డయల్‌లో 3 తిప్పి వదిలితే, అది వెనక్కి తిరిగొస్తూ మూడుసార్లు కరెంటు తెంపుతుంది. టక్, టక్, టక్. ఒక్కో టక్కుకీ ఒక విద్యుదయస్కాంతం కడ్డీని ఒక మెట్టు పైకి నెడుతుంది. తర్వాత 7 తిప్పితే ఏడు టక్కులు, కడ్డీ పక్కకి ఏడు గళ్ళు తిరుగుతుంది. అక్కడ తగిలేది 37వ నంబరు తీగ. పది పదులు వంద ఫోన్లు. పెద్ద ఊళ్ళో నంబరు పొడుగవుతుంది కదా, అక్కడ ముందు అంకెలు ఏ బీరువాకి పోవాలో చెప్తాయి, చివరి రెండూ అరా జాడీ చెప్తాయి.

మరి సున్నా తిప్పితే ఎన్ని టక్కులు? "సున్నా" అని మా మనవడు ఠక్కున అన్నాడు. ఒక్క టక్కూ లేకపోతే మీరు తిప్పిన సంగతి యంత్రానికెలా తెలుస్తుందిరా! అందుకే సున్నాకి పది టక్కులు. మన పాత డయళ్ళ మీద సున్నా 1 ముందు కాక 9 తర్వాత కూర్చున్నది అందుకే. మొదట్లో ఆ డయలు కూడా లేదు. మీటని ఎన్నంకైతే అన్నిసార్లు నొక్కాలి. డయలొచ్చింది 1896లో.

ఈ ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి మన దేశానికి మొదట 1913-14లో సిమ్లాకి వచ్చింది. పై ఊరికి మనమే నేరుగా నంబరు తిప్పుకునే ఎస్.టి.డి. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైంది. 1948లో బెంగళూరులో పెట్టిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌లో ఈ స్ట్రోజర్ స్విచ్చిలు తయారుచేసేవారు. వాటిని తుడిచి, నూనె వేసి, అరిగిన ముక్క మార్చే మెకానిక్కులు ఎక్స్ఛేంజి ఎక్స్ఛేంజికీ ఉండేవారు. అవి కొత్త ఉద్యోగాలే. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిలొచ్చాక ఆ నూనె డబ్బా పనీ పోయింది.

ఇప్పుడు ఆపరేటరమ్మ సంగతి. అమెరికాలో మొదట కుర్రాళ్ళని పెడితే ఫోను చేసినవాళ్ళతో పెడసరంగా మాట్లాడేవారట. దాంతో 1878లో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడని తీసుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా ఆపరేటరు ఆవిడే. ఆ తర్వాత అది ఆడపిల్లల ఉద్యోగమే అయిపోయింది. 1919 నుంచి అక్కడి బెల్ కంపెనీ ఒక్కో ఊరినీ డయల్ పద్ధతికి మార్చుకుంటూ వచ్చింది. జేమ్స్ ఫైగెన్‌బామ్, డేనియల్ గ్రాస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పాత జనాభా లెక్కలు తిరగేసి, అలా మారిన ఊళ్ళలో ఆడపిల్లలు ఏమయ్యారో వెతికారు. రెండు సంగతులు బయటపడ్డాయి. తర్వాత ఎదిగొచ్చిన పిల్లలకి పెద్ద నష్టం జరగలేదు. టైపిస్టులుగా, ఆఫీసు గుమాస్తాలుగా, హోటళ్ళలో, ఇలా వేరే దారుల్లో కుదురుకున్నారు. కానీ మార్పు వచ్చేనాటికి సీట్లో కూర్చుని ఉన్న ఆపరేటర్ల గతి వేరు. పదేళ్ళ తర్వాత చూస్తే, మారని ఊళ్ళ ఆపరేటర్లకంటే వీళ్ళలో పనే మానేసినవాళ్ళు ఎక్కువ, పని ఉన్నవాళ్ళలో తక్కువ జీతానికి దిగినవాళ్ళూ ఎక్కువ. ఉద్యోగాల లెక్క బాగానే ఉంది, ఉద్యోగి లెక్కే తప్పింది. పేపర్లో "మొత్తం మీద ఉద్యోగాలు తగ్గవు" అని చదివినప్పుడల్లా నాకీ రెండో లెక్క గుర్తొస్తుంది.

మన దగ్గర ఇదే కథ ఇంకో తమాషాగా నడిచింది. 1984లో సి-డాట్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థని పెట్టి, టెలికాం ఇంజనీరు శామ్ పిట్రోడా బృందం మన పల్లెల దుమ్ముకీ ఎండకీ తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజిలు తయారుచేసింది. ఎస్.టి.డి. బూతులు ఊరూరా వెలిశాయి. మా బజారులో పోలియో కాలున్న ఒకబ్బాయికి బూతు వచ్చింది. అద్దాల గది, ఎర్రంకెల మీటరు, కిర్రుమంటూ బయటికొచ్చే బిల్లు చీటీ. రాత్రి పొద్దుపోతే చార్జీ తగ్గుతుందని బయట వరస కట్టేవారు. ఆ సంపాదనతోనే చెల్లెలి పెళ్ళి చేశాడు. 1995లో సెల్లొచ్చింది. మెల్లగా బూతు పడుకుంది. అతను రీచార్జి కార్డులు పెట్టాడు, తర్వాత జిరాక్సు మిషను. ఇప్పటికీ ఆ కొట్టు బోర్డు మీద "జిరాక్స్" అక్షరాల కింద వెలిసిన పసుపు రంగులో ఎస్.టి.డి. కనిపిస్తుంది. ఆపరేటర్ల పని తీసేసిన యంత్రమే అతనికి కొట్టిచ్చింది, దాని తమ్ముడొచ్చి పట్టుకుపోయాడు. అమెరికాలో ఆపరేటర్లని మార్చడానికి దశాబ్దాలు పట్టింది. మన బూతుల ఆయుష్షు ఇరవై ఏళ్ళకి అటూ ఇటూ.

స్ట్రోజర్ తీసేసింది ఆపరేటరు చేతి పనిని. వినడం, అర్థం చేసుకోవడం, బదులు చెప్పడం ఆ తర్వాతా మనిషి దగ్గరే ఉన్నాయి. "తెలుగు కోసం రెండు నొక్కండి" దశ కూడా దాటి, మన మాట విని బదులు చెప్పే యంత్రాలు ఇప్పుడొచ్చాయి. కాల్ సెంటరు పిల్లల గుండెల్లో రాయి పడింది అందుకే. పైగా ఇవి మనుషులు రాసినదీ మాట్లాడినదీ చూసి నేర్చుకున్నవి, కాబట్టి మనలోని పక్షపాతం వీటికీ అంటుకుంటుంది. మనిషికి పక్షపాతమని స్ట్రోజర్ యంత్రం చేశాడు. ఈ యంత్రం ఎవరి పక్షమో చూసుకోవడానికి మళ్ళీ మనిషే కావాలి.

మీ అన్నయ్య సంగతి నాకేం బెంగ లేదమ్మా. వాడికింకా ఇరవై, ఏదో ఒకటి నేర్చుకుంటాడు. నా బెంగంతా నలభై అయిదేళ్ళ మనిషి గురించి, ఇంటి అప్పు, పిల్లల ఫీజులు నెత్తిన ఉన్నవాళ్ళ గురించి. ఎక్స్ఛేంజి ఒక్క రాత్రిలో మారినా, అది ఏ రాత్రో కంపెనీకి ఎంతో ముందే తెలుసు. స్విచ్చిలు తెప్పించాలి, బిగించాలి, సరిచూసుకోవాలి కదా! అంత ముందుగా యంత్రానికి చోటు చూసిపెట్టినవాళ్ళు, ఆ సీట్లో మనిషికీ అప్పుడే కొత్త పని నేర్పించి చోటు చూపించొచ్చు. ఈసారి ఏ ఆఫీసులో కొత్త మిషను దిగుతోందన్నా, ఆ రెండో పని మొదలెట్టారా అని అడగండి.