సిమెంటు తెరచాప నౌకలు

“సిమెంటు నీటిలో మునిగిపోవును గదా, దానితో నౌకను ఎట్లు కట్టుదురు?” అని ఒక విద్యార్థి నన్ను ప్రశ్నించినాడు. ఇనుము మాత్రము తేలునా? ఇత్తడి బిళ్ళ మునుగును, ఇత్తడి గిన్నె తేలును. తన బరువుకు సమానమైన నీటిని తొలగించగలిగినంత వరకు ఏ పాత్రయైనను తేలుచునే యుండును. భాషోపన్యాసకునికి సిమెంటుతో ఏమి పని యని మన సైన్సు శాఖ మిత్రులు నవ్వవచ్చును గాని, ఈ విషయము నన్ను చాలాకాలముగా ఆకర్షించినది.

ఇనుప తీగల అల్లికపై సిమెంటు గార పూసి చేయు ఈ పదార్థమును ఫెర్రోసిమెంటు అందురు. 1848లో దక్షిణ ఫ్రాన్సుకు చెందిన జోసెఫ్ లూయీ లాంబో ఈ విధముగా చిన్న పడవను కట్టి, 1855 పారిస్ ప్రదర్శనలో ప్రజలకు చూపినాడు. ఆయన పడవ యొకటి బ్రిన్యోల్ పట్టణపు మ్యూజియములో నేటికిని ఉన్నది. నేడు మన మేడలను మోయుచున్న ఇనుము, కాంక్రీటుల పొత్తుకు తొలినాళ్ళలో ఒక పడవ కూడ సాక్షియై నిలిచినదన్నమాట! తరువాత దాదాపు శతాబ్దము పాటు దీనిని పట్టించుకొన్నవారు తక్కువ. 1940లలో ఇటలీ ఇంజనీరు పియర్ లూయీజి నెర్వీ దీనికి మరల ప్రాణము పోసినాడు. ఆయన కట్టించిన 165 టన్నుల ‘ఐరీన్’ నౌక గోడ మందము సుమారు 35 మిల్లీమీటర్లు మాత్రమే.

1960లలో న్యూజిలాండు, ఆస్ట్రేలియా, బ్రిటన్ దేశములలో సామాన్యులు సైతము తమ పెరళ్ళలో ఇట్టి నౌకలను కట్టసాగిరి. కారణము సులభమే. ఉక్కు కడ్డీలు, కోళ్ళగూళ్ళకు వాడు వలవంటి జాలి, ఇసుక, సిమెంటు ఎక్కడనైనను దొరకును. కడ్డీలతో అస్థిపంజరము నిలిపి, దానిపై జాలిని పొరలు పొరలుగా కట్టి, గార ప్రతి రంధ్రములోనికి చొచ్చునట్లు నొక్కి, సాధ్యమైనంత వరకు ఒకే దినమున పూత ముగింపవలెను. పిమ్మట కొన్ని వారములు తడి ఆరనీయరాదు. ఇట్లు శ్రద్ధగా చేసిన నౌక అగ్నికి ఆహుతి కాదు, కుళ్ళదు, కొయ్యను తొలుచు సముద్రపు పురుగుకు లొంగదు. ‘అవానీ’ అను సిమెంటు నౌక 1970-71లో అంటార్కిటికాను చుట్టివచ్చినది. 1973లో సిడ్నీ-హోబార్టు పందెమున ‘హెల్సాల్’ అన్నిటికన్న ముందు గమ్యము చేరినది. దానిని జనులు పరిహాసముగా ‘ఎగిరే కాలిబాట’ అని పిలిచిరి!

అయినను దీని చౌకదనములోనే పెద్ద మోసమున్నది. నౌక శరీరము మొత్తము వ్యయములో ఒక భాగము మాత్రమే. స్తంభము, తెరచాపలు, ఇంజను, త్రాళ్ళు, లోపలి వడ్రంగము, వీటి వెల ఏమాత్రము తగ్గదు. ఈ లెక్క తెలియక కట్ట మొదలిడి, ఏండ్ల తరబడి శ్రమించి, సముద్రము చూడకయే విడిచిపెట్టినవారు పలువురు. ఒక కుటుంబము పొదుపు చేసిన ధనమంతయు అట్లు పెరటిలో శిలయై నిలిచినది.

బరువు మరియొక లోపము. సుమారు ముప్పది అడుగులకు తక్కువైన నౌకకు ఈ పదార్థము మిక్కిలి భారమగును. రాతి మొనకు పదేపదే కొట్టుకొన్నచో గార నలిగి ఊడిపోవును. జాలి మాత్రము ముక్కలను కొంతవరకు పట్టియుంచును. చిన్న గాయమును ఏ రేవులోనైనను గుప్పెడు సిమెంటుతో పూడ్చుకొనవచ్చును.

అన్నిటికన్న నాకు ముఖ్యముగా తోచినది, పైకి కనబడని దోషము. గార చేరని ఖాళీ లోపల మిగిలినచో ఉప్పునీరు అక్కడికి చేరి ఇనుమును తుప్పు పట్టించును. తుప్పు ఉబ్బి పై పూతను పగులగొట్టును. రంగు వేసిన తరువాత నిపుణుడైనను దీనిని కనిపెట్టుట కష్టము. అందువలననే అనేక భీమా సంస్థలు వెనుకాడును, అమ్మబోయినచో మంచి నౌకకు కూడ ధర పలుకదు. ఉత్తమముగా కట్టినవాడు కూడ అజాగ్రత్తగా కట్టినవాని తప్పునకు మూల్యము చెల్లించుచున్నాడు. పాత సిమెంటు నౌకను కొనువారు తుప్పు చారలను వెదకి, చిన్న సుత్తితో అంగుళమంగుళము తట్టి శబ్దము విందురు, సంతలో కుండను కొనునట్లే. నిర్మాణ సమయమున తీసిన ఛాయాచిత్రములున్నచో వాటిని ముందుగా అడిగి చూచెదరు.