పెరటి మిరప: ఘాటు చూడకండి, కమ్మదనం చూడండి

మిరపకాయ లేని తెలుగు వంటిల్లు ఉండదు. పచ్చడికి, పోపుకు, పులుసుకు, ఊరగాయకు అదే ప్రాణం. అయినా మిరప అనగానే మనకు స్ఫురించేది దాని ఘాటు మాత్రమే. దానికొక పరిమళం, ఒక చిరుతీపి, ఒక కమ్మదనం ఉన్నాయని నాకు నడివయస్సు దాటే వరకు తెలియలేదు. తెలియజెప్పినది మా నాన్నగారి అనారోగ్యం.

నాలుగేళ్ల క్రితం, తన 73వ ఏట, నాన్నగారికి ఆమ్లపిత్తం ముదిరింది. భోజనమైన గంటకు గుండెలో మంట, పుల్లని త్రేన్పులు, నిద్ర లేని రాత్రులు. పరీక్షలు చేసిన వైద్యులు కడుపులో పుండు లేదని తేల్చి మందులు ఇచ్చారు, కారం పూర్తిగా మానమన్నారు. మానిపించాము. మంట తగ్గింది, దానితో పాటు ఆయన భోజనమూ తగ్గింది. చప్పిడి పప్పు, చప్పిడి చారు, చప్పిడి కూర. రెండు ముద్దలు తిని చేయి కడుక్కునేవారు. మూడు నెలలలో మనిషి సగమయ్యారు. ఒకనాడు కంచం ముందు కూర్చుని, “ఆకలి లేక కాదమ్మా, నోటికి సహించడం లేదు” అన్నారు.

మళ్లీ వైద్యులను అడిగాను. మంట అదుపులో ఉన్నది గనుక ఘాటు లేని మిరపను పగటి భోజనంలో కొద్దికొద్దిగా వాడి చూడవచ్చునన్నారు. బజారు కారంలో ఏ రకం కాయ ఎంత కలిసినదో మనకు తెలియదు. అందుచేత మేడ మీద నాలుగు కుండీలలో నేనే మిరప పెంచాలని నిశ్చయించుకున్నాను.

తొలి పొరపాటు

బాగా కాస్తుందన్న మాట విని, రకం పేరైనా అడగకుండా నారు తెచ్చి నాటాను. మొక్కలు ఏపుగా పెరిగాయి. సన్నని చిట్టి కాయలు ఆకాశం వైపు నిలబడి గుత్తులుగా కాశాయి. ఇంట పండినదే కదా అని పప్పులో రెండు వేశాను. ఆ రాత్రి నాన్నగారు మంచం మీద కూర్చునే తెల్లవార్చారు. తప్పు మొక్కది కాదు, పేరు అడగని నాది. కొత్తగా మిరప పెంచబోయేవారు మొట్టమొదట గ్రహించవలసినది ఇదే: ఎరువు కంటె, కుండీ కంటె, రకం ఎంపిక ముఖ్యం.

మిరపలోని రెండు గుణాలు

మిరపకు మంట పుట్టించేది క్యాప్సైసిన్ అనే పదార్థం. అది గింజలలో ఉంటుందని చాలామంది భావిస్తారు. నిజానికి అది తయారయ్యేది గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లని కండలో. కాయ రంగు, రుచి, పరిమళం ప్రధానంగా బయటి కండలో ఉంటాయి. కనుక ఘాటు వేరు, రుచి వేరు. కండ పట్టిన కాయలో ఘాటు స్వల్పంగాను, రుచి అధికంగాను ఉండవచ్చు.

ఘాటును కొలిచే పద్ధతిని 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా శాస్త్రవేత్త రూపొందించాడు. ఆ లెక్కలో గుంటూరు సన్నం సుమారు 35,000 నుంచి 40,000 వరకు ఉంటుంది. మన ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా 10 లక్షలు దాటి 2007లో గిన్నిస్ రికార్డు కెక్కింది. ఇటువంటి రకాలు వింతకే గాని వంటకు కావు.

ఆయుర్వేద దృష్టి

చరక, సుశ్రుత సంహితలలో మిరపకాయ ప్రస్తావన లేదు. అమెరికా ఖండాలకు చెందిన ఈ మొక్కను మన దేశానికి తెచ్చినవారు పోర్చుగీసువారు. అంతకు పూర్వం మన పెద్దలకు కారమంటే మిరియాలు, పిప్పళ్లు, శొంఠి. అయితే కటు రసం గురించి ఆచార్యులు చెప్పినది మిరపకూ వర్తిస్తుంది: మితంగా వాడితే జఠరాగ్నిని దీపింపజేస్తుంది, అతిగా వాడితే పిత్తాన్ని ప్రకోపింపజేస్తుంది. మా ఇంట ఈ రెండూ కళ్లారా చూశాను.

కొత్తవారికి తగిన రకాలు

చపాట: వరంగల్లు ప్రాంతపు రకం. ముద్దగా, గుండ్రంగా, ఎర్రగా ఉండడం వలన టమాటా మిర్చి అని కూడా అంటారు. ఘాటు స్వల్పం, రంగు అధికం. పండుమిరప పచ్చడికి ఎంతో శ్రేష్ఠం. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది.

బ్యాడిగి: కర్ణాటకలోని హావేరి జిల్లాకు చెందినది. ఎండితే ముడతలు పడుతుంది. ఘాటు తక్కువ, చక్కని ఎరుపు, కమ్మని వాసన. సాంబారు పొడికి, చారు పొడికి తగినది.

బజ్జీ మిరప: పొడవైన లేతాకుపచ్చ కాయ. కూరగా వండుకోవచ్చు, మజ్జిగలో ఊరవేసి ఎండబెట్టి చల్ల మిరపకాయలూ చేసుకోవచ్చు. పచ్చిమిరపలో సి విటమిన్ సమృద్ధిగా ఉంటుంది. 1937లో నోబెల్ బహుమతి పొందిన సెంట్ జార్జీ, హంగరీ దేశపు తీపి మిరప నుంచే ఆ విటమిన్‌ను పెద్ద మొత్తంలో వేరు చేశాడు. ఘాటు లేని కాయను కాస్త ఎక్కువగా తినగలము గనుక ఆ మేలు మనకు దక్కుతుంది.

గుంటూరు సన్నం రెండవ ఏట పెంచుకోవచ్చు. కేరళీయుల కాంతారి వంటి చిట్టి మిరప మాత్రం, ఇంట పిత్త ప్రకృతి గలవారు ఉంటే వద్దు.

పెంచే విధానం

ఆషాఢ మాసంలో, అనగా జూలైలో విత్తనం చల్లితే మంచిది. 35 నుంచి 40 రోజులకు నారు నాటడానికి సిద్ధమవుతుంది. అడుగు లోతు గల కుండీలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. కుండీకి ఒక మొక్క చాలు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మట్టి పైపొర ఆరిన తరువాతనే నీరు పోయండి, నిలువనీయకండి. అలాగని మొక్కను వాడనిస్తే పూత రాలుతుంది, కాయలో ఘాటు కూడా పెరగవచ్చు.

ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి చేరినట్లు గుర్తు. లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంకాలం ఆకుల అడుగున తడిసేటట్లు చల్లండి. మొక్క గిడసబారి ఆకులు గుబురుగా ముడుచుకుపోతే అది వైరస్ తెగులు. ఆ మొక్కను పెరికివేయడమే మార్గం. రకరకాల మిరపలు పక్కపక్కన ఉంటే తేనెటీగల వలన సంకరం జరుగుతుంది. మీరు దాచిన విత్తనం తల్లిగుణం నిలుపుకోవాలంటే ఆ రకాన్ని దూరంగా పెట్టండి.

వాడకంలో జాగ్రత్తలు

కాయను నిలువుగా చీల్చి తెల్లని కండను, గింజలను తీసివేస్తే ఘాటు చాలావరకు పోతుంది. చేతులు మండితే నీళ్లు చాలవు, క్యాప్సైసిన్ నీటిలో కరగదు. ముందు నూనె రాసి, తరువాత సబ్బుతో కడగండి. నోరు మండితే పెరుగుగాని పాలుగాని పుచ్చుకోండి. శరదృతువులో పిత్తం సహజంగానే ప్రకోపిస్తుంది. తొలి కాపు వచ్చేది అప్పుడే గనుక, పిత్త ప్రకృతివారు ఆ రోజులలో మితం పాటించాలి. కడుపులో పుండు, రక్తస్రావం ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే ఈ ప్రయోగం చేయరాదు. మిరప ఆమ్లపిత్తానికి మందు అని నేను చెప్పడం లేదు. నాన్నగారు మందులు మానలేదు.

మరుసటి ఏడు చపాట, బ్యాడిగి పెంచాను. సంక్రాంతికి చపాట కాయలు పండాయి. తెల్లని కండ తీసి, చింతపండు బహు తక్కువగా వేసి పచ్చడి నూరాను. నేతితో కలిపిన అన్నంలో ఆవగింజంత నంజుకుని, నాన్నగారు కాసేపు కళ్లు మూసుకున్నారు. “మీ నాయనమ్మ రోటి పచ్చడి” అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టింది. నాటి నుంచి పగటి పూట అర చెంచా మించకుండా పెడుతున్నాము. ఆరు నెలలలో పోయిన బరువు చాలావరకు తిరిగి వచ్చింది.

ఇప్పుడు కుండీలకు నీరు పోసేది ఆయనే. ఏ మొక్క ఏ రకమో గుర్తుండేటట్లు కుండీకొక పేరు రాసిన పలక కూడా కట్టారు.