వేడి మీద సెల్ఫ్ కొట్టదు, చల్లారితే స్టార్ట్ అయితది: ఎందుకిట్ల?

ఎండకాలం మొదలైందంటే మన దిక్కు చాలామందికి వచ్చే తిప్పల గురించి ఈ ఎపిసోడ్. పొద్దున వనపర్తిలో కారు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. గద్వాల పోతూ జూరాల డ్యాం దగ్గర చేపలు తిందామని ఓ పావుగంట ఆపిన్రు. వచ్చి తాళం తిప్పితే "టక్" అని ఒక్క సప్పుడు, అంతే. గంట ఆగితే ఏమీ కానట్టే మళ్లీ స్టార్ట్!

ఇది వినగానే అందరూ చెప్పే మాట బ్యాటరీ మార్చమని. ఆగండి. బ్యాటరీ బలహీనమైతే పొద్దున చల్లగున్నప్పుడు కూడా ఇబ్బంది పెట్టాలె కదా?

అసలు సంగతి ఏందంటే, ఇంజిన్ బంద్ చేసినంక గాలి తగలదు, లోపలి వేడి బయటికి పోదు. కాబట్టి ఆపిన తర్వాత 10, 20 నిమిషాలకు సెల్ఫ్ మోటార్ ఇంకా ఎక్కువ కాగుతది. సైలెన్సర్ పైపు దాని పక్కనుంచే పోతే ఇక చెప్పక్కర్లేదు. రాగి తీగ 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పావు వంతు పెరుగుతది. అంటే సోలినాయిడ్ కాయిల్‌కు కరెంటు తక్కువ అందుతది, లాగే బలం తగ్గుతది. అన్నీ కొత్తగా ఉంటే ఈ తేడా తెలియదు. అరిగిన కార్బన్ బ్రష్‌లు, తుప్పు పట్టిన ఎర్త్ వైరు, కాలిన కాంటాక్టులు తోడైతేనే బండి మొండికేస్తది.

జూరాల దగ్గరైతే చాయ్ తాగి కూర్చోవచ్చు. శ్రీశైలం పోతూ మన్ననూరు దాటినంక అడవిలో ఆగితే? ఫోన్ సిగ్నల్ అంతంత మాత్రం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారిలో బండ్లను వదలరు. అందుకే దీన్ని ముందే తేల్చుకోవాలె.

కష్టం ఎక్కడంటే, షెడ్డుకు పోయేసరికి బండి చల్లారి ఉంటది, మెకానిక్‌కు ఏ లోపం దొరకదు. కాబట్టి మొరాయించినప్పుడే ఫోన్ తీసి, తాళం తిప్పుతూ మీటరు లైట్లు, సప్పుడు రెండూ వచ్చేటట్టు వీడియో తీయండి. సగం జవాబు అందులోనే ఉంటది. లైట్లు బాగా తగ్గిపోయి టకటకటక అంటే బ్యాటరీ, లేదంటే టెర్మినళ్ల మీది తెల్ల పొడి. లైట్లు బాగానే ఉండి ఒక్క టక్ అంటే సోలినాయిడ్ కాంటాక్టులు, బ్రష్‌లు. అసలు సప్పుడే లేకపోతే రిలే, క్లచ్ స్విచ్, సన్న వైరు. ఇంజిన్ గిర్రున తిరుగుతూ కూడా అందుకోకపోతే తప్పు సెల్ఫ్‌ది కానే కాదు. క్రాంక్ సెన్సర్, డీజిల్ లేదా పెట్రోల్ సరఫరా చూపించుకోండి.

ఇక మల్టీమీటర్ ఉన్నోళ్లకు అసలు పరీక్ష. హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, బండి వేడిగా మొరాయిస్తున్నప్పుడే ఒకరు తాళం తిప్పి పట్టుకోవాలె, ఇంకొకరు సోలినాయిడ్ సన్న వైరు దగ్గర వోల్టేజీ చూడాలె. అక్కడ 10 వోల్టులకు పైనే వస్తూ మోటార్ కదలకపోతే సెల్ఫ్ విప్పాల్సిందే. బ్యాటరీ దగ్గర 12 ఉండి ఇక్కడ 8, 9 మాత్రమే ఉంటే మధ్యలో తాళం స్విచ్చో, రిలేనో, వైరో మింగేస్తున్నది. అప్పుడు సెల్ఫ్ మార్చినా డబ్బులు దండగ. అట్లనే తాళం తిప్పి పట్టుకున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కు, ఇంజిన్ బాడీకి మధ్య అర వోల్టు కనిపించినా ఎర్త్ వైరు బాగాలేనట్టే.

దారిలో ఇరుక్కుంటే బానెట్ లేపి అరగంట ఆగండి. వీల్ స్పానర్‌తో సెల్ఫ్ బాడీ మీద మెల్లగా తడితే అరిగిన బ్రష్‌లు ఒక్కోసారి పట్టుకుంటయ్. గేర్ల బండైతే రెండో గేరులో తోసి స్టార్ట్ చేయొచ్చు. ఆటోమేటిక్‌ను తోసినా లాభం లేదు. స్క్రూడ్రైవర్‌తో రెండు టెర్మినళ్లు కలిపే పని మాత్రం వద్దు. గేరులో ఉంటే బండి మీ మీదికే వస్తది.

సెల్ఫ్ విప్పిస్తే బ్రష్‌లు, బుష్‌లు, కాంటాక్టులు మూడూ ఒకేసారి మార్పించండి. సైలెన్సర్ వేడి తగలకుండా అడ్డం ఉండే రేకును ఇంతకు ముందెవరైనా తీసి పడేసిన్రేమో, అది కూడా చూడమనండి.