భోజనాల బల్ల మీద ఇటలీ ప్లాస్టిక్

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతి పాతికేళ్లలో ఇటలీలో తయారైన ప్లాస్టిక్ పళ్లేలు, గిన్నెలు, కప్పులు, కూజాలు ఇప్పుడు ఐరోపాలోనూ అమెరికాలోనూ శ్రద్ధగా వెతికి సేకరించే వస్తువులయ్యాయి. వాడి పారేసే సరుకుగా పేరుపడిన ప్లాస్టిక్‌కు ఇంతటి గౌరవం దక్కడం వింతగా తోచవచ్చు గాని, ఆ వస్తువులను రూపొందించినవారు వాటిని పింగాణీకి చౌక నకళ్లుగా ఏనాడూ చూడలేదు; కొత్త పదార్థం చేతికి వచ్చింది కనుక దానికి మాత్రమే సాధ్యమయ్యే రూపాన్ని కనిపెట్టాలని పట్టుబట్టారు. అందువల్ల ఈ సేకరణలో పేరు, రంగు, ధరల కంటే ముందు పదార్థాన్ని గుర్తించడం నేర్చుకోవాలి. ఒక గిన్నె ఏ ప్లాస్టిక్‌తో చేసినదో తెలిస్తే, దాని ఆకృతి ఎందుకలా ఉందో, అరవై ఏళ్ల తరువాత దానికి ఏ జబ్బు రాగలదో, ఇంట్లో దాన్ని వాడవచ్చో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

ఈ కథకు కేంద్రం మిలాన్ నగరం. అక్కడి పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన జూలియో నట్టా 1954లో ఐసోటాక్టిక్ పాలీప్రొపిలీన్‌ను తయారు చేశాడు. పొడవైన అణుగొలుసుకు ఉండే చిన్న కొమ్మలన్నీ ఒకే వరసలో ఒకే వైపు అమరడమే ఐసోటాక్టిక్ అమరిక. ఆ క్రమం వల్ల గొలుసులు దగ్గరగా ఒదిగి, తేలికగా ఉంటూనే మరిగే నీటి వేడికి కరగని గట్టి ప్లాస్టిక్ ఏర్పడుతుంది. ఈ రంగంలో చేసిన కృషికి నట్టా 1963లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. మోంటెకటీని సంస్థ ఈ ప్లాస్టిక్‌ను మోప్లెన్ అనే పేరుతో అమ్మగా, హాస్యనటుడు జీనో బ్రమియేరి టెలివిజన్ ప్రకటనల ద్వారా ఆ పేరు ఇటలీలోని ప్రతి వంటింటికీ చేరింది.

నట్టా వద్ద చదువుకున్న రసాయన ఇంజనీరు జూలియో కాస్తెల్లి 1949లో మిలాన్‌లో కార్టెల్ సంస్థను స్థాపించాడు. ఆయన భార్య, వాస్తుశిల్పి అన్నా కాస్తెల్లి ఫెరియేరి ఆ సంస్థ ఆకృతులపై గాఢమైన ముద్ర వేసింది. మొదట కారు పైకప్పుకు స్కీలు కట్టే పట్టీలు చేసిన ఆ సంస్థ, 1950లలో ఇంటి సామాను వైపు మళ్లి, జీనో కొలొంబీని సాంకేతిక నాయకత్వంలో బకెట్లు, జల్లెడలు, నిమ్మరసం తీసే పరికరాలు తయారు చేసింది. కొలొంబీని రూపొందించిన మూత బకెట్‌కు 1955లో కొంపాసో దోరో లభించింది. బంగారు వృత్తలేఖిని పేరు గల ఈ పురస్కారాన్ని 1954లో లా రినాషెంతే అనే పెద్ద దుకాణ సంస్థ నెలకొల్పింది, ఇటలీ ఆకృతి రంగంలో అంతకు మించిన గౌరవం లేదు. నీళ్లు మోసే బకెట్‌ను ఒక దేశం ఆ స్థాయిలో సన్మానించడాన్ని ఆ కాలపు గొప్ప సంస్కారంగానే చెప్పుకోవాలి.

మిలాన్‌కు దూరంగా, మార్కే ప్రాంతంలో, కవి లియోపార్దీ పుట్టిన రెకనాతి పట్టణంలో గుజ్జీని కుటుంబం మరో దారిన ప్లాస్టిక్‌కే చేరుకుంది. 1912లో మొదలైన వారి కార్ఖానాలో ఎద్దు కొమ్ముతో వస్తువులు చేసేవారు. కొమ్మును వేడిచేస్తే మెత్తబడి కోరిన ఆకారానికి వంగుతుంది. యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్ పలక కూడా వేడికి సరిగ్గా అలాగే వంగుతుంది కనుక, 1938లో ఆ పదార్థం చేతికి వచ్చినప్పుడు పాత పనితనం కొత్త పనికి అక్కరకొచ్చింది. లోపల తెలుపు, బయట ముదురు రంగుతో మెరిసే గుజ్జీని గిన్నెలు, పళ్లేలు ఈ రెండు రంగుల పద్ధతికి ప్రసిద్ధమయ్యాయి.

సేకర్తలు అన్నిటికంటే మిన్నగా ఎంచేది మాత్రం మస్సిమో, లెల్లా విన్యెల్లి దంపతులు రూపొందించిన మెలమైన్ పళ్లేల వరసను, ఆ ఎంపిక సమంజసమే. మెలమైన్ రసాయనాన్ని ఫార్మాల్డిహైడ్‌తో కలిపి చేసిన పొడిని వేడి ఉక్కు అచ్చులో బలంగా నొక్కితే, అది కరిగి అచ్చంతా నిండి, అక్కడే రసాయనికంగా గట్టిపడుతుంది. అలా ఒకసారి బిగిసినది మళ్లీ ఎంత వేడికీ కరగదు. ఇలాంటివి థర్మోసెట్‌లు, వేడి చేసినప్పుడల్లా మెత్తబడే పాలీప్రొపిలీన్, యాక్రిలిక్ వంటివి థర్మోప్లాస్టిక్‌లు. తెలుగునాట క్యాంటీన్లలో కనిపించే మెలమైన్ పళ్లేలదీ ఈ పదార్థమే గాని, వాటిలో చాలావాటికి పింగాణీ రూపాన్నే అరువు తెచ్చారు. విన్యెల్లి దంపతులు ఆ పని చేయలేదు. వారి పళ్లెం అంచు వాలుగా విచ్చుకోకుండా గోడలా నిటారుగా నిలుస్తుంది. ఒకదానిపై ఒకటి పేర్చితే కదలకుండా కూర్చుని, దొంతర అంతా ఒకే స్తంభంలా కనిపిస్తుంది. అలంకారం ఒక్కటీ లేదు, రంగూ కొలతా మాత్రమే ఉన్నాయి. 1964లో ఈ వరసకు కొంపాసో దోరో వచ్చింది. దంపతులు అమెరికాలో స్థిరపడిన తరువాత, 1970ల ఆరంభం నుంచి న్యూయార్క్‌కు చెందిన హెల్లర్ సంస్థ దాన్ని ఇంద్రధనుస్సు రంగుల్లో అమ్మి ఎందరి ఇళ్లకో చేర్చింది. ఆ వరసలోని కప్పు పిడి మొదట గోడలోంచి సాగిన కాలువలా తెరిచి ఉండేది. అంచుదాకా నింపితే కాఫీ ఆ సందులోంచి జారేది. కాఫీ నిండా పోసుకునే అమెరికన్ల కోసం తరువాత ఆ సందును మూసివేశారు గనుక, తెరిచిన పిడి పాతదనానికి ఒక ఆనవాలు. అడుగున ఇటలీలో తయారైనదన్న ముద్ర ఉన్నవి తొలినాటివి, అమెరికా ముద్ర ఉన్నవి తరువాతివి.

ఇతరులూ గొప్ప పనే చేశారు. ఎంజో మారి డనేసే సంస్థ కోసం మూతగల మెలమైన్ గిన్నెను తీర్చిదిద్దాడు. జో కొలంబో అలిటాలియా విమానాల్లో భోజనం వడ్డించే సామగ్రి రూపొందించి, 1971లో చిన్న వయసులోనే మరణించాడు. 1972లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఇటలీ గృహోపకరణాలకు పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసేనాటికి ఈ ఉత్సాహం పతాక స్థాయిలో ఉంది. మరుసటి ఏడాది చమురు సంక్షోభం వచ్చి, పెట్రోలియం నుంచి పుట్టే ప్లాస్టిక్ ఖరీదై, ఆ ఊపు తగ్గింది.

పదార్థాన్ని గుర్తించడానికి ప్రయోగశాల అవసరం లేదు. మెలమైన్ చేతికి బరువుగా తగులుతుంది, వేలి గణుపుతో తడితే పింగాణీకి దగ్గరి చప్పుడు చేస్తుంది. పాలీస్టైరీన్ తేలికగా ఉండి, రేకులా మోగి, పెళుసుగా విరుగుతుంది. పాలీప్రొపిలీన్‌కు మైనం వంటి నునుపు ఉంటుంది. యాక్రిలిక్ గాజులా మెరుస్తుంది గాని గాజంత చల్లగా ఉండదు. పెట్టెలకూ ట్రేలకూ ఎక్కువగా వాడిన ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌లో రబ్బరు వంటి భాగం ఒకటి ఉంటుంది. వెలుతురు, గాలి తగిలి అది మారడం వల్ల తెల్లని వస్తువు పసుపెక్కుతుంది. మెలమైన్‌కు కత్తిగాట్లు, ఆ గాట్లలో దిగిన టీ, కాఫీ మరకలు ప్రధాన లోపాలు. యాక్రిలిక్‌లో సన్నని పగుళ్ల వల కనిపిస్తే అది ఆల్కహాలు తగిలినందువల్లనో, మరీ వేడి నీళ్లతో కడిగినందువల్లనో వచ్చినది కావచ్చు. దానికి మరమ్మతు లేదు, కొనకపోవడమే మంచిది.

పాత ప్లాస్టిక్‌లో ఆహారం పెట్టే ముందు రెండు విషయాలు తెలియాలి. వేడి, పులుపు కలిసినప్పుడు మెలమైన్ నుంచి ఫార్మాల్డిహైడ్ ఆహారంలోకి దిగగలదు. అందుకే జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య నిపుణులు 70 డిగ్రీల సెల్సియస్ దాటిన పదార్థాలకు దాన్ని వాడవద్దని చెప్పారు. మైక్రోవేవ్‌లో అసలే పెట్టకూడదు. ఇక ఆనాటి మెరిసే ఎరుపు, నారింజ, పసుపు రంగుల కోసం విషపూరిత లోహమైన కాడ్మియంతో చేసిన వర్ణకాలు వాడేవారు. ఐరోపా వాటి వాడకాన్ని 1991లో కట్టడి చేసింది. గాట్లు పడి అరిగిన ఎర్ర గిన్నెను అలంకరణకే ఉంచాలి. నునుపు చెడని పళ్లెంలో పండ్లు, రొట్టె, పొడి తినుబండారాలు పెట్టుకోవచ్చు. అలా అంటే ఇలాంటి వస్తువులన్నీ అద్దాల బీరువాకే పరిమితం కావాలని కాదు. దొంతరగా పేర్చడానికి, నలుగురికీ అందించడానికి పుట్టిన పళ్లేన్ని ఎన్నడూ చేతుల్లోకి తీసుకోకపోతే దాన్ని చేసినవారి ఆలోచనలో సగం అందకుండానే పోతుంది.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, మెత్తని సబ్బు, నూలు గుడ్డ చాలు. స్టీలు పీచు, బ్లీచింగు, గోళ్ల రంగు తుడిచే ద్రావకం దగ్గరికి రానీయకూడదు. పసుపెక్కిన ఏబీఎస్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది గాని, అది పైపొరను బలహీనపరచవచ్చు, పసుపు తిరిగి రావచ్చు కూడా. ఆ పసుపును వస్తువు వయసుగా అంగీకరించడమే మేలు. ఎండ పడని చోట, వంటపొయ్యికి ఎడంగా, పళ్లేల మధ్య కాగితం పెట్టి ఉంచాలి. మెత్తని పీవీసీ సంచుల్లో చుట్టరాదు. వాటిని మెత్తగా ఉంచే నూనె వంటి రసాయనాలు బయటికి వచ్చి వస్తువుకు అంటుకుంటాయి.

ఇటలీలో వీటిని వెతికేవారు 1968 నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం, ముందటి శనివారం అరెజ్జో పట్టణంలో జరిగే పాతవస్తువుల సంతకూ, మిలాన్‌లో నవీల్యీ కాలువల ఒడ్డున నెలాఖరు ఆదివారం జరిగే సంతకూ వెళతారు. కొనే ముందు మిలాన్ సమీపంలోని నొవీల్యోలో ఉన్న కార్టెల్ మ్యూజియాన్నో, నేపుల్స్‌లో ప్లాస్టిక్ కళకే అంకితమైన ప్లార్ట్ మ్యూజియాన్నో చూసినవారికి అసలు వస్తువుల రంగూ ఆకృతీ కంటికి పరిచయమవుతాయి. సంతలో మొత్తం సెట్టు దొరక్కపోయినా నిరాశ అక్కరలేదు. విన్యెల్లి పళ్లేలను ఒక్కొక్కటిగా పోగుచేయవచ్చు. బల్ల మీద రెండింటిని పేర్చి చూస్తే, వంకరపోయినది వెంటనే ఊగి బయటపడుతుంది, సరైనది చప్పుడు లేకుండా కింది దానిలో ఇమిడిపోతుంది.