వాన బీమాను ఎవరు కొన్నారు?

పాలమూరు మెట్టరైతు ఆముదం, వేరుశనగ విత్తేది మబ్బుల వైపు చూస్తూనే. ఆ దిగులుకు విరుగుడుగా 2003లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో వర్షపాత బీమాను తెచ్చాయి. పొలం చూడటానికి ఎవరూ రారు. దగ్గరి వర్షమాపకంలో వాన నిర్ణయించిన మిల్లీమీటర్లకంటె తగ్గితే డబ్బిస్తారు.

ఎక్కువ భయపడేవారే ముందు కొంటారని మనం అనుకొంటాము కదా! జినే, టౌన్‌సెండ్, వికరీ అనే ఆర్థికవేత్తలు ఇంటింటి వివరాలు పరిశీలించి 2008లో ప్రకటించిన సంగతి వేరు. నష్టానికి ఎక్కువ జంకేవారే తక్కువగా కొన్నారు. ముఖ్యంగా బేసిక్స్‌ను ఎరుగనివారు. తెలియని కాగితం వారికి మరొక గండమే అయింది. అప్పు పుట్టక, చేతిలో సొమ్మాడని ఇండ్లవారు కూడా వెనుకాడారు. ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అందలేదన్నమాట.

తరువాత అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కొందరు రైతులకు ఈ బీమాను ఉచితంగా ఇచ్చి చూశారు. వారు లాభమెక్కువ, గండమెక్కువ అయిన వాణిజ్య పంటల వైపు మొగ్గారు. ధైర్యానికీ ఒక ధర ఉన్నట్టే!

అయితే వర్షమాపకం ఉన్నచోట కురిసి, మీ చేను ఎండితే పైసా రాదు. సంతకం పెట్టేముందు ఆ మాపకం ఎంత దూరంలో ఉన్నదో అడగండి.